లాగే ట్రాక్టరు ఆపగలదా?
చిన్న ట్రాక్టర్లకు పెద్ద ట్రాలీలు - బరువు లెక్క తెలియక ప్రమాదాలు - కూలీల ప్రాణాలకు, యజమాని భూమికి ముప్పు

నల్గొండ: ఉమ్మడి నల్గొండ జిల్లాలో చిన్న ట్రాక్టర్ల వాడకం బాగా పెరిగింది. బత్తాయి తోటల్లో చెట్ల వరుసల మధ్య దున్నడానికి, పత్తి చేలలో అంతరకృషికి, మందు కొట్టడానికి ఇవి అనువుగా ఉన్నాయి. పల్లెప్రగతి కార్యక్రమం కింద 2019-20లో ప్రతి గ్రామ పంచాయతీకీ ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూర్చారు. వాటిలోనూ చిన్న ట్రాక్టర్లు ఉన్నాయి.

తోటలో దున్నినంత కాలం వీటితో చిక్కు లేదు. ఊళ్లో ఉన్న పెద్ద ట్రాలీని తెచ్చి ఈ చిన్న ట్రాక్టరుకు తగిలించినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. ఇరవై గుర్రాల ఇంజన్ మూడు టన్నుల సరుకును చదును రోడ్డు మీద కిందిగేరులో లాగుతుంది. లాగింది కాబట్టి ఫర్వాలేదని రైతు అనుకుంటాడు. లాగడం ఇంజన్ పని. ఆపడం మాత్రం ట్రాక్టరు బరువు, బ్రేకులు, టైర్ల పట్టు కలిసి చేసే పని. చిన్న ట్రాక్టరుకు ఈ మూడూ తక్కువే. ప్రమాదాలకు మూలం ఈ తేడాలోనే ఉంది.

మరువరాని సంవత్సరం

ట్రాక్టరు ప్రమాదాల విషయంలో 2018 ఈ ప్రాంతం మరువలేని సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్‌లో పి.ఏ.పల్లి మండలం వద్దిపట్ల వద్ద మిరప ఏరడానికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు ఎ.ఎం.ఆర్.పి. కాల్వలో పడి తొమ్మిదిమంది చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద కూలీలతో వెళ్తున్న మరో ట్రాక్టరు మూసీ కాల్వలో బోల్తా పడింది. 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. రెండు చోట్లా తెల్లవారి పనికి బయలుదేరినవారే, రెండు చోట్లా కాల్వ పక్క దారే.

ఇది ఈ జిల్లాకే పరిమితమైన బాధ కాదు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లాలో మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని తొమ్మిదిమంది మరణించారు. అదే ఏడాది జూన్‌లో వేదాద్రి దేవుని దర్శించుకుని తిరిగి వస్తున్న ఖమ్మం జిల్లా వాసుల ట్రాక్టరును జగ్గయ్యపేట సమీపంలో లారీ ఢీకొన్నది. ఆ ప్రమాదంలో 12 మంది ప్రాణాలు పోయాయి.

ఇవన్నీ చిన్న ట్రాక్టర్ల వల్ల జరిగినవని కాదు. పెద్ద ట్రాక్టరుకే తప్పని ముప్పు, దానిలో సగం బరువు కూడా లేని ట్రాక్టరుకు అదే ట్రాలీని కడితే ఎంత పెరుగుతుందన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

బస్తాల లెక్క

ఒక చిన్న ట్రాక్టరు బరువు సుమారు 900 కిలోలనుకుందాం. దానికి తగిలించిన ఖాళీ ట్రాలీ ఒక టన్ను ఉంటుంది. అందులో 75 కిలోల ధాన్యం బస్తాలు 40 వేస్తే 3 టన్నులు. అంటే వెనుక మొత్తం 4 టన్నులు. ట్రాక్టరు తనకంటే నాలుగు రెట్లకు మించిన బరువును ఈడుస్తున్నదన్న మాట.

సొంత బ్రేకులు లేని ట్రాలీ బరువు, సరుకుతో కలిపి, ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు మించరాదని అమెరికాలో వ్యవసాయ ఇంజనీర్ల సంఘం సూత్రం పెట్టుకున్నది. ట్రాలీకి సొంత బ్రేకులుంటే నాలుగున్నర రెట్ల వరకు పోవచ్చు. ఈ సూత్రం ప్రకారం 900 కిలోల ట్రాక్టరు వెనుక బ్రేకులు లేని ట్రాలీ సరుకుతో సహా 1,350 కిలోలు మించకూడదు. 600 కిలోల చిన్న ట్రాలీ కట్టుకుంటే మిగిలేది 750 కిలోలు. అంటే పది బస్తాలు!

పది బస్తాలకు ట్రాక్టరెందుకని రైతు నవ్వవచ్చు. మన పల్లెల్లో తిరిగే ట్రాలీల్లో చాలా వాటికి బ్రేకులు లేవన్న సంగతి గుర్తుంచుకుంటే నవ్వు రాదు. పది బస్తాల దగ్గరే ఆగమని ఎవరూ శాసించలేరు. కాని పదికీ నలభైకీ మధ్య ఉన్న దూరమంతా డ్రైవరు అదృష్టం మీద నడుస్తున్నదని తెలియాలి. ట్రాక్టరు కొన్ననాడు ఇచ్చిన పుస్తకంలో అది ఎంత బరువు లాగవచ్చో కంపెనీ వారే రాస్తారు. ఆ పుస్తకం చాలా ఇళ్లలో విప్పకుండానే ఉంటుంది.

దిగుడులో తేలే నిజం

బరువు సంగతి చదునులో తెలియదు, దిగుడులో తెలుస్తుంది. పది మీటర్లకు ఒక మీటరు దిగే చోట, ప్రతి టన్ను బరువు సుమారు 100 కిలోల ఒత్తిడితో ముందుకు నెడుతుంది. 4 టన్నుల ట్రాలీ 400 కిలోల బలంతో ట్రాక్టరు వీపు మీద తోస్తున్నట్టు లెక్క.

సాధారణంగా ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. 900 కిలోల ట్రాక్టరులో ఆ చక్రాల మీద పడే బరువు 500 కిలోల పైచిలుకు. ఎండిన తారు రోడ్డు మీదైనా ఆ చక్రాలు ఇవ్వగల పట్టు వెనుక నుంచి వచ్చే తోపుడుకు చాలీచాలకుండా ఉంటుంది. వాన పడి బురదైతే సగం కూడా దొరకదు. బ్రేకు బిగించి చక్రాలు కదలకుండా పట్టినా ట్రాక్టరు జారుకుంటూ పోతుంది. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని తర్వాత చెప్పుకునే సంఘటనల్లో కొన్నింటిలో బ్రేకులు బాగానే ఉంటాయి. చక్రాలకు పట్టే లేకుండా పోతుంది.

వేగం దీన్ని మరింత పెంచుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు ఐదున్నర మీటర్లు పోతుంది. ఎదుట గేదె కనబడి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా అంత దూరం దాటిపోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది.

దేవరకొండ, చందంపేట వైపు గుట్టల దారుల్లోనూ, చెరువు కట్టలు దిగేటప్పుడూ కొందరు డ్రైవర్లు డీజిలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో వదులుతారు. ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు లేదు. గేరులో ఉన్నంతసేపు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసిన క్షణం ఆ పట్టు పోతుంది. బండి వేగం అందుకున్నాక గేరు వేయబోతే పడదు. అందుకే దిగుడు మొదలు కాకముందే కిందిగేరు వేసుకోవాలి. మధ్యలో క్లచ్చి తొక్కకూడదు. ఏ గేరులో ఎక్కగలదో ఆ గేరులోనే దిగాలన్నది మంచి నియమం.

మరొక్క విషయం. ట్రాక్టరుకు కుడి చక్రానికొక బ్రేకు, ఎడమ చక్రానికొక బ్రేకు విడివిడిగా ఉంటాయి. పొలంలో చాలు చివర గిరుక్కున తిరగడానికి ఈ ఏర్పాటు. రోడ్డెక్కేముందు ఈ రెండు పెడళ్లను కలిపే లాకు తప్పక వేయాలి. దమ్ము చేసి ఆ లాకు వేయకుండానే రోడ్డెక్కిన డ్రైవరు కంగారులో ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది. వెనుక ట్రాలీ నేరుగా వస్తూనే ఉంటుంది కనుక ట్రాక్టరును అడ్డంగా మడత పెట్టి పడదోస్తుంది.

కొండి ఎక్కడ తగిలించాలి?

ట్రాలీని ట్రాక్టరు కింద ఉన్న డ్రాబారుకో, కంపెనీ అమర్చిన హుక్కుకో మాత్రమే తగిలించాలి. బురదలో దిగబడినప్పుడు కొందరు పట్టు ఎక్కువ దొరుకుతుందని గొలుసును సీటు కింద ఇరుసుకో, నాగలి తగిలించే పై లింకుకో కడతారు. అప్పుడు లాగే బలం ఇరుసుకంటే పైన పడుతుంది. వెనుక చక్రాలు కదలక, ఇంజన్ బలమంతా ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. అది గుర్రంలా నిలబడి డ్రైవరు మీదికి వెల్లకిలా తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్చి తొక్కుదామనుకునేలోగా అంతా అయిపోతుంది. చిన్న ట్రాక్టరు ముందు భాగం తేలికగా ఉంటుంది కనుక ఈ ముప్పు దానికి మరీ ఎక్కువ.

పిన్ను విషయంలోనూ నిర్లక్ష్యం కనిపిస్తుంది. అసలు పిన్ను పోతే ఇనుప కడ్డీ ముక్కో, పాత బోల్టో దూర్చి నడిపిస్తారు. ఎద్దుల బండి రోజుల్లో కడసీల లేకుండా బండి కట్టిన రైతు లేడు. చక్రం ఊడకుండా పట్టి ఉంచేది ఆ చిన్న సీలేనని అందరికీ తెలుసు. ట్రాలీ పిన్నుకు కింద వేసే సీల కూడా అలాంటిదే. దానితోపాటు ట్రాలీకీ ట్రాక్టరుకూ మధ్య ఒక గట్టి గొలుసు వదులుగా వేస్తే, పిన్ను విరిగినా ట్రాలీ విడిపోయి వెనుక వచ్చేవారి మీద పడదు.

పాత టైరు బండిని తాడుతోనో గొలుసుతోనో చిన్న ట్రాక్టరుకు కట్టి లాగే పద్ధతి అసలు పనికిరాదు. తాడు లాగగలదు గాని ఆపలేదు. ఎగుడులో బండి వెంట వస్తుంది, దిగుడులో వచ్చి మీద పడుతుంది.

మొగ్గు చూసి నింపాలి

రెండు చక్రాల ట్రాలీని నింపడంలో ఎద్దుల బండి విద్యే పనికి వస్తుంది. వెనుక మొగ్గు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేది. ముందు మొగ్గు ఎక్కువైతే మెడలు కుంగేవి. ట్రాలీలో వెనుక బరువెక్కువైతే హుక్కును పైకి లేపి, ట్రాక్టరు వెనుక చక్రాలకు ఉన్న కాస్త పట్టునూ తీసేస్తుంది. ముందు మరీ ఎక్కువైతే ట్రాక్టరు వెనుక కుంగి ముందు చక్రాలు తేలుతాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. బరువు ఇరుసు మీద, కొంచెం ముందుకు ఉండేటట్లు సర్దడం సరైన పద్ధతి.

వరిగడ్డి, పత్తి వంటివి బరువు తక్కువే అయినా ఎత్తు ఎక్కువ. మలుపులో బోల్తా పడేది ఇవే. గడ్డి కట్టలు ట్రాలీ అంచులు దాటి బయటికి వస్తే ఎదురు వచ్చే సైకిలు మనిషికి దారి ఉండదు. పైన తగిలే కరెంటు తీగల సంగతి చెప్పనక్కరలేదు.

పంచాయతీ ట్యాంకర్ల సంగతి వేరు. లీటరు నీరు ఒక కిలో. 3,000 లీటర్ల ట్యాంకరులో నీరే 3 టన్నులు, ఆపైన ఇనుము బరువు. నిండు ట్యాంకరు బరువుగా ఉన్నా నీరు కదలదు. సగం నింపిన ట్యాంకరులో నీరు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కొడుతుంది. మలుపులో నీరంతా ఒక పక్కకు చేరి బండిని పడదోస్తుంది. మొక్కలకు నీరు పోస్తూ రోడ్డు వెంట సాగే ట్యాంకరు రోజులో ఎక్కువసేపు సగం నిండే ఉంటుందన్నది గమనించాలి. అలాంటప్పుడు మనిషి నడక వేగమే దానికి తగిన వేగం.

కాల్వ కట్టలు, చీకటి దారులు

సాగర్ ఎడమ కాల్వ, ఎ.ఎం.ఆర్.పి., మూసీ కాల్వల కట్టలు ఎన్నో ఊళ్లకు పొలం దారులు. ఇవి కాల్వల తనిఖీకి వేసిన దారులే గాని బరువు బండ్లు ఎదురెదురుగా తప్పుకోవడానికి వేసినవి కావు. తడిసిన కట్ట అంచు గట్టిగా కనబడినా చక్రం కింద జారిపోతుంది. ట్రాలీ చక్రాలు ట్రాక్టరు చక్రాల జాడలోనే రావు. మలుపులో అవి లోపలి వైపుకు కోసుకుని వస్తాయి. ట్రాక్టరు దాటింది కదా అనుకునే డ్రైవరుకు ట్రాలీ చక్రం అంచు దిగిన తర్వాతే తెలుస్తుంది. కాల్వ పక్కనున్నప్పుడు మలుపును పెద్దగా తీసుకుని, ఎదుటి బండి కనబడితే వెడల్పు ఉన్న చోటనే ఆగి దారి ఇవ్వడం మేలు.

రాత్రివేళ ట్రాలీ కనబడకపోవడం మరో ప్రమాదం. వెనుక దీపాలుండవు, ఉన్నా వెలగవు. పంక్చరై రోడ్డు మీద ఆగిన ట్రాలీని గుద్దుకుని మోటారు సైకిలు మీద వచ్చేవారు ప్రాణాలు కోల్పోవడం వినని ఊరు లేదు. మెరిసే రిఫ్లెక్టరు పట్టీలు వెనుకా పక్కలా అంటించడానికి అయ్యే ఖర్చు ఒక పూట డీజిలు ఖర్చుకు మించదు.

మనుషులను ఎక్కిస్తే...

ఇవన్నీ సరుకు విషయం. ట్రాలీలో మనుషులుంటే ఒక్కొక్క తప్పుకూ వెల పెరుగుతుంది. ట్రాక్టరుకు చట్టప్రకారం ఉన్న సీటు ఒక్కటే, అది డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చోవడం, ట్రాలీలో ప్రయాణించడం రెండూ తప్పే. ఈ సంగతి కూలీలకు తెలియక ఎక్కడం లేదు. పొద్దున ఆరు గంటలకు పక్క ఊరి చేనుకు పోవడానికి బస్సు లేదు. ఆటోకు ఇచ్చే డబ్బు కూలిలో తరుగు. రైతు ట్రాక్టరు పంపిస్తేనే నాటుకు, పత్తి తీతకు మనుషులు వస్తారు. అందువల్ల ‘ఎక్కవద్దు’ అని చెప్పినంత మాత్రాన ఎక్కడం ఆగదు.

అయితే జరగరానిది జరిగితే ఏమవుతుందో రెండు పక్షాలూ తెలుసుకోవడం అవసరం. ట్రాక్టరుకు బీమా ఉంటే ట్రాలీకీ ఉన్నట్టు కాదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ నంబరు, పాలసీలో వేరే చేర్పు కావాలి. అవి ఉన్నా ట్రాలీలో ప్రయాణించేవారికి సాధారణంగా బీమా వర్తించదు. మట్టి ట్రాలీ ప్రమాదంలో గాయపడిన ఒక కూలీ కేసులో సుప్రీంకోర్టు 2007లో, చట్టప్రకారం బీమా కంపెనీకి బాధ్యత లేదని చెప్పింది. బాధితుడు నిరుపేద కనుక ముందు కంపెనీ చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశించింది. అంటే చివరికి భారం ట్రాక్టరు యజమానిదే. రెండెకరాల రైతు నలుగురైదుగురి కుటుంబాలకు నష్టపరిహారం కట్టవలసి వస్తే అమ్మడానికి భూమి తప్ప మరేముంటుంది? ఇక కూలీల మాటకొస్తే, 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా కూడా భూమి ఉన్న రైతును ఉద్దేశించినదే, భూమిలేని కూలీని కాదు.

చిన్న ట్రాక్టరే కదా అని పిల్లల చేతికి స్టీరింగు ఇచ్చేవారూ ఉన్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

చేయదగిన పనులు

పెద్ద ఖర్చులేని పనులు అనేకం ఉన్నాయి. చిన్న ట్రాక్టరు కొనే రైతు దానికి తగిన చిన్న ట్రాలీనే కొనాలి. వీలైతే బ్రేకులున్నదే చేయించుకోవాలి. వెల్డింగు షాపులో ట్రాలీ చేయించేటప్పుడు రంగు గురించి అడిగినంత శ్రద్ధగా బ్రేకుల గురించి అడగాలి. ఒకే ట్రిప్పుకు బదులు రెండు ట్రిప్పులు వేస్తే పోయేది కొంత డీజిలు, ఒక గంట.

మార్కెట్ యార్డులలో, మిల్లుల వద్ద కాంటాలు ఉన్నాయి. సరుకు తూచే చోటనే ట్రాలీ మొత్తం బరువును డ్రైవరుకు చెప్పి, రిఫ్లెక్టరు లేని ట్రాలీకి అక్కడే పట్టీ అంటించే ఏర్పాటు చేస్తే చాలామందికి చేరుతుంది. పంచాయతీ ట్రాక్టరు నడిపే సిబ్బందికి మండల స్థాయిలో ఒక్కరోజు శిక్షణ ఇవ్వడం అధికారులకు కష్టం కాదు. కాల్వ మలుపుల వద్ద, కల్వర్టుల వద్ద రక్షణ గోడలు లేని చోట్లను నీటిపారుదల శాఖ వానాకాలం పనులకు ముందే గుర్తించి కట్టించాలి.

అన్నింటికంటే ముఖ్యం కూలీల ప్రయాణం. నాట్లు, పత్తి తీత, మిరప కోత కాలాల్లో తెల్లవారుజామున కూలీలు ఎక్కువగా కదిలే దారుల్లో ఆర్టీసీ ఒక్కో బస్సు నడిపినా ఎంతో మేలు. నలుగురు రైతులు కలిసి ఒక ఆటోకు పూర్తి కిరాయి భరించినా, పరిమితికి మించి ఎక్కించకుంటే, అది కాల్వ పక్కన ట్రాలీ కంటే ఎన్నో రెట్లు భద్రం. ఆ ఏర్పాటు జరిగేదాకా కూలీలను పిలిపించుకునే రైతు, వారిని తీసుకువచ్చే మేస్త్రీ ట్రాలీ కదిలేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ ట్రాక్టరు ఇంతమందిని లాగగలదా అని కాదు, దిగుడులో, మలుపులో, కాల్వ అంచున వీరందరినీ ఆపి నిలబెట్టగలదా అని. లేదని తోచిన రోజు ట్రాలీ విప్పి పక్కన పెట్టడమే క్షేమం.